ఓడలు బళ్లయిన కథ

మొన్న మన క్లబ్బు అనువాదం పోటీలో నేను ‘బ్రేక్ ది ఐస్’ అన్న ఇడియమ్‌ని ‘మంచు పగలగొట్టారు’ అని రాసి అందరినీ నవ్వించాను. చలిదేశాల్లో గడ్డకట్టిన నదిలో పడవకి దారి చేయడం నుంచి పుట్టిన మాట అది. మన గోదావరి ఎప్పుడు గడ్డకట్టింది గనక! ‘మాట కలిపారు’ అంటే సరిపోయేది. ఈ చిక్కు నాకంటే నూట నలభై ఏళ్ల ముందే మా రాజమండ్రి ఆయన ఒకరికి ఎదురైంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు.

ఆయన 1848 ఏప్రిల్ 16న పుట్టేనాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని నడుస్తోంది. నాలుగేళ్లకే తండ్రి సుబ్బారాయుడు గారు పోతే పెదనాన్న పెంచారు. ఇంగ్లీషు చదువు చదివి, కోరంగిలోనూ ధవళేశ్వరంలోనూ పంతులుగా చేసి, 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. ఆయన చేసిన పనులన్నీ చెప్పాలంటే ఈ సంచిక చాలదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్క పుస్తకం గురించే.

గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ని తెలుగు చేద్దామని పంతులు గారు మొదలుపెట్టారు. కొంత రాశాక ఆ దేశపు ఆచారాలూ మాటతీరూ మనవాళ్లకి రుచించవని తోచింది. అనువాదం పక్కన పడేసి, ధవళేశ్వరంలో ఒక రాజశేఖరుణ్ణి పుట్టించారు. చుట్టూ చేరినవాళ్లు పొగిడి తిన్నంత తిన్నారు. బంగారం చేసిపెడతానన్న బైరాగి ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయాడు. రాజశేఖరుడు పెళ్లాం పిల్లలతో కాశీకని బయల్దేరి, నానా అగచాట్లూ పడి, చివరికి పెద్దాపురం రాజు గారి దయతో మళ్లీ నిలదొక్కుకున్నాడు. 1878లో పత్రికలో మొదలైన ఈ ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకమైంది. అంతా ఇంగ్లీషు నకలేనని దెప్పినవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ఎముకలు అక్కడివైనా రక్తమాంసాలు మనవి.

అసలు తమాషా తర్వాత జరిగింది. హచిన్‌సన్ అనే దొర ఆ నవలని ఇంగ్లీషు చేసి 1887లో లండన్‌లో అచ్చువేయించాడు. ఇంగ్లీషు నుంచి వచ్చిన కథ తెలుగైపోయి, మళ్లీ ఇంగ్లీషుకి వెళ్లిందన్నమాట. పేరు మాత్రం ‘ఫార్చూన్స్ వీల్’ అని మార్చాడు. రోమన్ల అదృష్టదేవత ఫార్చూనా చేతిలో ఒక చక్రం ఉంటుంది. తిప్పితే పైవాడు కిందికి, కిందివాడు పైకి. ఇంగ్లీషువాళ్లకి ఆ మాట అక్కణ్ణుంచే వచ్చింది. మన కాళిదాసు కూడా మేఘసందేశంలో సుఖదుఃఖాల్ని బండిచక్రంతోనే పోల్చాడు. కానీ గోదావరి ఒడ్డున అడిగితే ‘ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి’ అంటారు. కొత్త పడవని రేవుకి బండి మీదే తోలుకెళ్తారు, ఏరు దాటేటప్పుడు ఆ బండినే పడవ ఎక్కిస్తారు. హచిన్‌సన్ ఓడల్నీ బళ్లనీ లండన్ మోసుకెళ్లలేదు, వాళ్ల చక్రాన్నే పెట్టాడు. పంతులు గారు చేసిన పనే ఇటునుంచి అటు చేశాడు.

పుస్తకం వచ్చిన మరుసటేడు పంతులు గారి చక్రమే తిరిగింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. దానికి ఇంగ్లీషులో ‘బాయ్‌కాట్’ అంటాం. ఆ మాట పుట్టి అప్పటికి సరిగ్గా ఏడాది. 1880లో ఐర్లండ్‌లో రైతులు ఒక జమీందారు ఏజెంటుకి పని చేయడం, సరుకులమ్మడం మానేశారు. ఆయన పేరు కెప్టెన్ బాయ్‌కాట్. అక్కడ వెలిపడ్డవాడు కౌలు పిండే ఏజెంటు, ఇక్కడ వెలిపడ్డవాడు పెళ్లి చేసిన పంతులు. మాట ఒకటే అయినా బరువు ఒకటేనా?

వంటవాళ్లు రానన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి బిందెతో నీళ్లు తానే మోసుకొచ్చి, ఇంటికి చేరిన వితంతువులకి వండిపెట్టారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బుతో ఆదుకున్నారు. పెళ్లిళ్లు ఆగలేదు.

రాజ్యలక్ష్మమ్మ గారు 1910లో పోయారు. పంతులు గారు 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. రాజమండ్రిలో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. సెలవులకి వస్తే చూపిస్తాను, అక్కణ్ణుంచి గోదారి రేవుకి నడిచే వెళ్లొచ్చు.