పైడిపుట్ట నిర్బంధము

మనుష్యుని బంధించుటకు చెరసాల గోడలే కావలయునను నియమము లేదు. ఫలాని గ్రామముననే యుండవలెను, అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు అని యొక యుత్తరువు చేసిన చాలును. ఇల్లే చెరసాల యగును. గోదావరి మన్యమున నిట్టి నిర్బంధము ననుభవించినవారిలో మిక్కిలి ప్రసిద్ధులు అల్లూరి శ్రీరామరాజుగారు. వారి పితూరీ కథ పాఠకులెల్లరు నెరుగుదురు. దానికి ముందు జరిగిన పైడిపుట్ట యుదంతము మాత్ర మంతగా స్మరింపబడుట లేదు.

రాజుగారు 1897 జూలై 4వ తేదీన పాండ్రంగిలో జన్మించిరి. స్వగ్రామము భీమవరము చెంతనున్న మోగల్లు. తండ్రి వెంకటరామరాజుగారు ఛాయాచిత్రకారులు. 1908 గోదావరి పుష్కరముల సమయమున కలరాచే దివంగతులైరి. పిమ్మట తల్లి సూర్యనారాయణమ్మగారి సంరక్షణలో ఆ బాలుని చదువు నరసాపురము, కాకినాడ, తుని మొదలగు పట్టణములలో నేకచోట నిలువక సాగెను. 1916లో వారు కలకత్తా, కాశి, హరిద్వారము మొదలగు ప్రదేశములు తిరిగివచ్చి, 1917లో కృష్ణదేవిపేట చేరిరి. ఆసేతుహిమాచలము తమదేయని నడచిన పాదము లవి.

వారు చేరిన మన్యమున ప్రజలకు తమ కొండలమీదనే స్వేచ్ఛ లేకుండెను. 1882 నాటి అరణ్యశాసనము పోడు వ్యవసాయము నరికట్టెను. నరసీపట్నమునుండి లంబసింగికి వేయు బాటపై గిరిజనులు చాలీచాలని కూలికి గొడ్డుచాకిరి చేయవలసివచ్చెను. గూడెము తహసీలుదారు బాస్టియను చేసిన దౌర్జన్యములు ప్రజల మనస్సులను మండించెను. రాజుగారు వారికి కల్లు మానుడనియు, తగవులను కోర్టులకు బోక పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించిరి. ఇందు ఆయుధము లేదు, రక్తపాతము లేదు. అయినను 1922 ఆరంభమున ప్రభుత్వము వారిని శంకించెను.

శంక కలిగిన తోడనే విచారణ జరిపి, నేరమున్న రుజువు చేయవలసినది, అది జరుగలేదు. వారిని కొన్నాళ్లు నరసీపట్నమునందును, పిమ్మట అడ్డతీగల సమీపమున పైడిపుట్టయందును కుటుంబముతోగూడ నుంచి కావలి కాచిరి. పోలవరము డిప్యూటీ కలెక్టరు ఫజలుల్లాఖానుగారు రాజుగారియెడ సద్భావము గలవారు. రాజుగారు నేపాళయాత్రకు అనుమతి కోరగా, ఆ యధికారి సాయమున నిర్బంధము సడలెను. 1922 జూన్‌లో రాజుగారు మరల మన్యమున నడుగిడిరి.

అనుమతి యొకందులకు, ఉపయోగ మింకొకందులకు గదా యని కొందరు శంకింపవచ్చును. ఆ శంక త్రోసివేయదగినది కాదు. ఇచ్చిన మాట చెల్లించుట ధర్మము. కాని విశ్వాసము పరస్పరమైనది. నేరము చెప్పక, గడువు విధింపక, విన్నపమునకు దారి చూపక కట్టివేసిన ప్రభుత్వమునకు ఆ విశ్వాసము నడుగు నధికార మెక్కడిది?

ఆపై జరిగినది లోకవిదితము. ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యెను. మలబారు పోలీసులును, అస్సాం రైఫిల్సు సైనికులును దిగిరి. 1924 మే 7న కొయ్యూరులో వారిని విచారణ లేకుండ కాల్చిచంపిరి. విచారణ లేని నిర్బంధము విచారణ లేని మరణముతో ముగిసెను.

ఇది యొక్క వీరుని గాథ మాత్రమే కాదు. 1911 నాటి నేరస్థజాతుల చట్టముక్రింద ఎరుకలు మొదలగువారు పుట్టుక కారణముగనే పేర్లు నమోదు చేయించుకొని, పాసు లేనిదే నివాసము విడువరాని దుస్థితి యుండెను. 1913లో బాపట్ల చెంత వెలసిన స్టూవర్టుపురము అట్టివారి నివేశమే.

నేడు రాజ్యాంగము 19వ అధికరణమున సంచారస్వేచ్ఛ నిచ్చినది. 1958 నాటి ప్రొబేషను చట్టముక్రింద న్యాయస్థానము నేరస్థుని చెరకు బంపక విడిచి, నివాసమునుగూర్చి షరతులు విధింపవచ్చును. పెరోలుపై వెలుపలికి వచ్చిన ఖైదీలకును హద్దు లుండును. వీనిని మేము నిరసింపము; చెరకంటె హద్దు మేలు. అయితే ఆ హద్దునకు కారణము, గడువు, సడలింపు కోరుటకు మార్గము ఉండవలెను. కూలికి పొరుగూరు పోవలసినవాని విన్నపము, జబ్బుపడిన తల్లిని చూడబోవువాని విన్నపము, కచేరీలో మూలబడి యుండరాదు. మనుష్యుని మరల సంఘమున నిలుపుటకైన షరతు న్యాయము. కేవలము భయముచే విధించిన షరతు పైడిపుట్టయే.

2022లో ఒక జిల్లాకు రాజుగారి పేరిడిరి. ఆ గౌరవము సార్థకమగుట ఆ వ్యత్యాసమును మన యధికారులు మరువకుండుటపై నాధారపడియున్నది.