జాన్ హంటరు

హృదయమునుండి దేహమంతటికి రక్తమును గొనిపోవు నాళములకు ధమనులని పేరు. ధమనిగోడ యొకచోట బలహీనమైనచో రక్తపు పోటున కచ్చట సంచివలె నుబ్బును. ఆ యుబ్బు పగిలినచో ప్రాణమునకే మోసము. మోకాలి వెనుక నిట్టి యుబ్బు గలిగినవారికి 18వ శతాబ్దమున వైద్యులు చూపిన మార్గములు రెండు: తొడయొద్ద కాలు ఖండించుట, లేదా సంచిని చీల్చి దాని కెగువను దిగువను ధమనిని ముడివేయుట. రెంటను పలువురు మరణించుచుండిరి. అంతకంటె మేలైన మార్గమును చూపిన మహనీయుడు జాన్ హంటరు.

ఇతడు 1728వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో స్కాట్లండునందు గ్లాస్గో నగరమునకు సమీపమున జన్మించెను. పదిమంది బిడ్డలలో కడగొట్టువాడు. బాల్యమున బడి యనిన గిట్టదు. చీమలు, తేనెటీగలు, పక్షులు, మేఘములు, వీనిని గూర్చి ప్రశ్నలడిగి పెద్దలను విసిగించుచుండెడివాడు. 1748లో లండను చేరి, అన్నయగు విలియము హంటరు నడుపుచుండిన శరీరనిర్మాణ పాఠశాలలో శవచ్ఛేదనమునకు తోడ్పడసాగెను. పుస్తకములయందు కుదురని మనస్సు ఈ పనియందు కుదిరెను. 1761లో సైన్యవైద్యుడై బెల్లీల్ ద్వీపమునకును, పిమ్మట పోర్చుగలునకును పోయి తుపాకిగాయముల స్వభావమును పరిశీలించెను. 1768లో లండనునందలి సెయింట్ జార్జి వైద్యశాలకు శస్త్రవైద్యుడుగా నెన్నుకొనబడెను. మశూచికమునకు టీకాను ప్రచారమునకు తెచ్చిన ఎడ్వర్డు జెన్నరు ఇతని శిష్యుడే.

1785వ సంవత్సరము డిసెంబరు నెలలో 45 ఏండ్ల బండితోలువా డొకడు ఆ వైద్యశాలకు వచ్చెను. మూడేండ్లుగా వాని మోకాలి వెనుక ఉబ్బు పెరుగుచుండెను. కాలు పోయినచో జీవనము పోవును. ఊరకున్నచో ప్రాణమే పోవును. హంటరు ఇట్లు యోచించెను: సంచి చెంతనున్న ధమనియు రోగగ్రస్తమే కాబట్టి యచ్చట వేసిన ముడి నిలువదు. తొడయందలి ఆరోగ్యవంతమైన భాగమున ముడివేసినచో సంచికి రక్తపు పోటు తగ్గును. ధమని శాఖలు ఒండొంటితో కలిసియున్నవి గనుక ప్రక్కదారులగుండ రక్తము పారి పాదమును బ్రదికించును. మత్తుమందు వాడుకలోనికి వచ్చుట కింకను 60 ఏండ్లు పట్టవలసిన కాలమది. ఆ బాధను రోగి మెలకువతోనే సహించెను. కాలు చల్లబడి చచ్చిపోలేదు. ఉబ్బు క్రమముగా తగ్గెను. కొన్ని వారములకు వాడు ఇల్లు చేరి మరల బండి తోలుకొనెను. 1787లో జ్వరముచే మరణించినపుడు హంటరు ఆ కాలిని పరీక్షించి, సంచి కుంచించుకొని గట్టిపడియుండుట చూచెను. ధమని తొడయందు సాగిపోవు ఆ మార్గమునకు నేటికిని హంటరు పేరే కలదు.

అయినను గుణములతోపాటు దోషమును చెప్పకుండుట న్యాయము కాదు. చార్లెసు బైర్న్ అను మహాకాయుడు తన శరీరము హంటరు చేతికి చిక్కరాదని భయపడి, సముద్రమున ముంచవలయునని కోరియుండెను. 1783లో అతడు చనిపోగా హంటరు ధనమిచ్చి ఆ శవమును రహస్యముగా సంపాదించెను. ఆ యస్థిపంజరము రెండువందల యేండ్లకు పైగా ప్రదర్శనమందుండి, 2023లో మాత్రమే తొలగింపబడెను. జ్ఞానతృష్ణ యెంత గొప్పదైనను పరుని కడపటి కోరికను త్రోసివేయు హక్కు దానికి లేదు.

హంటరు చిరకాలము హృద్రోగపీడితుడు. కోపము తనకు మృత్యువని యెఱిగియు దాని నణచుకొనజాలకపోయెను. 1793 అక్టోబరు 16వ తేదీన వైద్యశాల సభలో వాగ్వాదము కలుగగా ఆవేశముతో ప్రక్కగదిలోనికి పోయి యచ్చటనే కూలి మరణించెను. సంపాదించిన దంతయు పరిశోధనలకే వెచ్చించుటచే మిగిలినవి అప్పులు, వేలకొలది జీవనమూనాలు. 1799లో ప్రభుత్వము వానిని 15,000 పౌనులకు కొనెను. 1859లో ఆతని దేహము వెస్టుమినిష్టరు ఆబీకి మార్చబడెను.

నేడు శస్త్రవైద్యులు ధమని యుబ్బినచోట కృత్రిమనాళమును కుట్టుదురు. సన్నని గొట్టము ద్వారమున నాళములోనుండియే బాగుచేయుదురు. సాధనములు మారినను, అవయవము పోకుండ రోగిని బ్రదికింపవలయునను లక్ష్యము మారలేదు. విద్యార్థులారా, చిన్ననాడు మీరడుగు ప్రశ్నలను అల్పములని విడువకుడు. చీమలను గూర్చి యడిగిన ఆ బాలుడే పెద్దవాడై యొక పేదవాని కాలిని నిలిపెను.