బొబ్బిలి కోట పరువు నిలిపిన పాపారాయుడు
ఉత్తర కోస్తాలోని బొబ్బిలి మట్టికోట పేరు చెబితే గుర్తుకు వచ్చే వీరుడు తాండ్ర పాపారాయుడు. రాణి మల్లమ్మదేవి సోదరుడిగా ప్రసిద్ధుడైన ఆయన రాజాంలో ఉండేవాడు. 1757 జనవరి 24న విజయనగర ప్రభువు విజయరామరాజు ప్రోద్బలంతో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలిని ముట్టడించాడు. ఫిరంగులు మోగినా వెలమ వీరులు లొంగలేదు. మానరక్షణ కోసం ఆడవారిని, పిల్లలను తామే కడతేర్చి, రాజా రంగారావుతో సహా నేలకొరిగారు. పసివాడైన రాజకుమారుడు చిన్న రంగారావు మాత్రం బతికి బయటపడ్డాడు. కబురు ఆలస్యంగా అందిన పాపారాయుడు వచ్చేసరికి కోటలో మిగిలింది బూడిదే. మూడవనాటి రాత్రి ఆయన శత్రు శిబిరంలో చొరబడి, డేరాలో ఉన్న విజయరామరాజును పొడిచి చంపి, అక్కడే ప్రాణాలు విడిచాడు. ఆ పసివాడే పెరిగి పెద్దవాడై బొబ్బిలి గద్దె ఎక్కాడు. పాతకోట ఉన్నచోట 1891లో బొబ్బిలి ప్రభువులు వేయించిన స్మారక స్తంభం ఆనాటి వీరులకు గుర్తు.