డాక్టరు థామసు జెర్డను జీవితము

మన అనంతపుర మండలము వానలకు మొగము వాచిన పీఠభూమి. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పొందు ఈ నేలలో, తుమ్మ, రేగు, కలివి పొదల మాటున బ్రదుకు ప్రాణులు అనేకములు కంటికి కనబడక మునుపే చెవికి వినబడును. పొదలలో పూరేడు, మఱ్ఱికొమ్మపై కంసాలిపిట్ట, చెఱువుకట్టపై తీతువు కూయగా, అవి ఊరక అరచుచున్నవని మనము తలంతుము. ఆ కూతలను ఓపికతో విని, పక్షుల తెలుగు పేళ్లతోసహా గ్రంథస్థము చేసిన వారిలో డాక్టరు థామసు కావెర్‌హిల్ జెర్డను ముఖ్యుడు. ఆయన చరిత్ర విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

జెర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులో డర్హాము పట్టణమునకు సమీపమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున మొదట సాహిత్యమును, పిదప వైద్యమును అభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుడై 1836లో చెన్నపట్టణము చేరెను. గంజాము సీమకు యుద్ధమునకై వెడలిన సైనికులు జ్వరములచేతను గ్రహణిచేతను బాధపడుచుండగా వారికి చికిత్స చేయుటయే ఆయన తొలి పని. ఆ పని నడుమ దొరకిన తీరికలో తూర్పు కనుమల పక్షులను పరిశీలింప నారంభించెను. తరువాత తిరుచినాపల్లిలోను, దక్కనునందలి జాల్నాలోను గుఱ్ఱపు దండుతో నుండెను. 1841లో ఫ్లోరా మెక్లాయిడను ఆమెను వివాహమాడెను. ఆమె చిత్రలేఖనమునందు నేర్పరి.

పిమ్మట ఆయన నెల్లూరికి సివిల్ సర్జనుగా వచ్చెను. అడవిలో పుట్టి పెరిగిన యానాదులను ఆయన చులకనగా చూడలేదు. జంతువుల నడవడిని గూర్చి వారిని అడిగి తెలిసికొనెను. ఒక్కొక్క పక్షికి జనులు వాడు పేరును శ్రద్ధతో వ్రాసికొనెను. అట్టి పేళ్లలో కొన్ని కూతనుండియే పుట్టినవి. కాకి యను మాటలో కాకి యరపే వినబడును గదా!

పూరేడును గూర్చి ఆయన వ్రాసిన వృత్తాంతము మిక్కిలి ఆశ్చర్యకరము. దక్షిణదేశపు వేటకాండ్రు చిన్న బోనులో దీమపు పిట్టను ఉంచి నేలపై పెట్టుదురు. ఆ దీమము చాలదూరము వినబడునట్లు గురగురమని కూయును. అది విన్నంతనే చుట్టుపట్లనున్న పూరేళ్లు పరుగున వచ్చి, దానితో పోరుటకు దిగి, బోనులో చిక్కుకొనును. ఒక్క దినమున 12 మొదలు 20 వఱకు దొరకుటయు కలదు. వింత యేమనగా, చిక్కినవన్నియు ఆడుపిట్టలే! ఈ జాతిలో బిగ్గరగా కూయునదియు, పోరాడునదియు ఆడుది. గ్రుడ్లను పొదుగునది మగది. ఒకే కూత తోడి ఆడుపిట్టలకు సవాలుగాను, మగపిట్టకు పిలుపుగాను వినబడుచున్నదన్నమాట. చార్లెసు డార్విను 1871లో మానవుని పుట్టుకను గూర్చి వెలువరించిన గ్రంథమున జెర్డను తెలిపిన ఈ సంగతిని ఆధారముగా గైకొనెను.

కంసాలిపిట్ట రేకుపై సుత్తితో కొట్టినట్లు టుక్కుటుక్కుమని కూయుచు, తలను ఇటునటు త్రిప్పుచుండును. అందువలన ఆ ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మనకు తెలియుట కష్టము. తీతువు కూసిన ఇంటికి కీడని మనలో కొందఱు భయపడుదురు. ఆ పక్షి వట్టినేలపై గ్రుడ్లు పెట్టును. మనుష్యుడో, కుక్కయో దాపునకు రాగానే బిగ్గరగా అరచును. ఆ హెచ్చరిక వినిన పిల్లలు నేలకఱచుకొని కదలక పడియుండును. తల్లిదండ్రులు బిడ్డలను కాపాడుకొనుటకై చేయు ఆక్రందనము మనకు అపశకునమెట్లగును?

జెర్డను 1862 మొదలు 1864 వఱకు భారతదేశ పక్షులను గూర్చి వేయికి పైగా జాతులను వర్ణించు మహాగ్రంథమును ప్రకటించెను. 1867లో క్షీరజంతువులను గూర్చియు వ్రాసెను. చీమలను సైతము విడువలేదు. 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూను 12వ తేదీన పరమపదించెను.

ఆయన కథలో మనకు మిక్కిలి దగ్గఱి భాగమొకటి మిగిలియున్నది. పెన్నానది మన మండలమునుండి కడపకును, నెల్లూరికిని ప్రవహించును. ఆ నది పరీవాహమునందలి ముండ్లపొదలలో, ఱొమ్మున రెండు పట్టెలు గల ఒక క్రొత్త పక్షిని ఆయన 1848 ప్రాంతమున కనుగొనెను. చిన్న గుంపులుగా తిరుగుననియు, అప్పుడప్పుడు దీనముగా కూయుననియు వ్రాసెను. తెలుగువారు దానిని అడవి ఉతతిత్తి యందురని పేరునుగూడ చేర్చెను. మనము దానిని కలివికోడి యందుము. లండను మిషనరీ సంఘమునకు చెందిన హోవర్డు క్యాంబెల్ దొరగారు 1900లో దానిని అనంతపురము దాపున చూచిరి. ఆ పిమ్మట 86 సంవత్సరములు దాని జాడ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. అంతరించినదనియే తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప మండలమున రెడ్డిపల్లె యొద్ద గ్రామస్థుల సాయమున దానిని మరల కనుగొనిరి.

ఆ పక్షి రాత్రించరము. కనబడుట మిక్కిలి అరుదు. సూర్యాస్తమయమైన సుమారు ముప్పాతిక గంటకు, కొంచెముసేపు మాత్రము, రెండు స్వరముల కూత కూయును. ఇటీవలి పరిశోధకులు ఆ కూతను యంత్రమున పట్టి, పొదల యొద్ద వినిపించి, బదులు వచ్చునేమోయని చెవియొగ్గి దానిని వెదకిరి. జెర్డను ఒక్క మాటతో విడిచిన ఆ దీనస్వరమే నేడు దాని యునికికి గుఱుతైనది.

విద్యార్థులారా! కలివికోడి ప్రపంచమునందలి మిక్కిలి అరుదైన పక్షులలో నొకటి. పొదలను నఱికి, నేలను చదునుచేసినచో దానికి నిలువనీడ యుండదు. కూత ఒకసారి అణగినచో, ఏ గ్రంథమును దానికి మరల ప్రాణము పోయజాలదు. మీరు సాయంకాలము పొలము గట్టున నిలిచి ఒక్క గడియసేపు మౌనముగా వినుడు. ఏ ప్రాణి ఏ వేళ, ఎందులకై కూయుచున్నదో వ్రాసి పెట్టుకొనుడు. మీ తాతలను, గొఱ్ఱెలకాపరులను అడిగి వాని పేళ్లు తెలిసికొనుడు. జెర్డను చేసినదియు ఇంతియే; అందుకు వలసినవి ధనమును, గొప్ప పరికరములును కావు, ఓపికయు వినయమును మాత్రమే.