బొగ్గు గని కుర్రోడు, ఆటగాళ్ల సంఘం

తమ్ముళ్లూ, మనూళ్లల్లో తిరునాళ్లొస్తే ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు గదా. ఎద్దులు నురగ కక్కుతా బండ లాగుతయ్. బహుమతి యజమానిది. ఎద్దుకు మెడలో ఓ దండ, తొట్లో కాస్త తవుడు. మరి లాగేది మనిషైతే?

నేను కుర్రోడిగా ఉన్నప్పుడు కబడ్డీ ఆడేవోణ్ణి. మా జట్టులో నాకంటే బాగా ఆడే స్నేహితుడొకడు ఉండేవాడు. ఒక పోటీలో వాడి మోకాలు విరిగింది. అప్పటిదాకా మైకులో వాడి పేరు ఊదరగొట్టినోళ్లు, ఆసుపత్రి బిల్లు దగ్గర ఒక్కళ్లూ కనపడలా. వాళ్ల నాయన గేదెను అమ్మి వైద్యం చేయించాడు. అందుకే నేనియ్యాల బిల్లీ మెరెడిత్ కథ చెప్తన్నా. చచ్చిపోయి అరవై ఏళ్లు దాటిన వేల్స్ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు.

1874లో చిర్క్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. చుట్టూ బొగ్గు గనులే. పిడుగురాళ్ల పక్క ఊళ్లల్లో పుట్టినోడికి సున్నం బట్టీ ఎట్టనో, అక్కడ పుట్టినోడికి బొగ్గు గని అట్ట. పన్నెండేళ్లకే గనిలోకి దిగాడు. పొట్టి గుర్రాలతో బొగ్గు బండ్లు లాగించే పని. 1894లో మాంచెస్టర్ సిటీ క్లబ్బు పిలిస్తే పోయాడు గానీ, గని పని వెంటనే మానలా. ఆటను నమ్ముకుంటే కూడు దొరుకుద్దా అని ఇంట్లో భయం. వారమంతా గని, శనివారం ఆట.

కుడి పక్కనుంచి బంతి తీసుకుని దూసుకుపోయేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక పంటి పుల్ల. ఆ పుల్లే ఆయన గుర్తు. 1904లో ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో బోల్టన్ మీద ఏకైక గోలు ఆయనదే. ఇంగ్లండంతా పేరు మోగింది.

కానీ పేరున్న ఆటగాడి చేతిలో ఏముందో చూడండి. అప్పట్లో వారానికి నాలుగు పౌండ్లకు మించి ఏ ఆటగాడికీ జీతం ఇవ్వగూడదని రూలు. మామూలు కూలీ కంటే అది ఎక్కువే, నిజమే. కానీ టికెట్లు కొని వేలమంది వచ్చేది వీళ్ల ఆట చూట్టానికే గదా. దానికి తోడు ఇంకో రూలు. ఒప్పందం అయిపోయినా సరే, క్లబ్బు వదిలితేనే ఇంకో క్లబ్బుకు పోవాలి. ముకుతాడు యజమాని చేతిలో. ఇష్టమైతే ఉంచుకుంటాడు, లేకపోతే సంతలో ఎద్దును అమ్మినట్టు అమ్ముకుంటాడు.

మెరెడిత్ దేవుడేమీ కాదు. 1905లో ఎదుటి జట్టు ఆటగాడికి పది పౌండ్లు లంచం ఇయ్యబోయాడని తేలి, దాదాపు ఒక సీజనంతా నిషేధం పడింది. కష్టంలో క్లబ్బు చెయ్యి వదిలేసింది. కోపంతో ఆయన క్లబ్బు గుట్టు విప్పాడు. రూలు దాటి చాటుగా డబ్బులిస్తన్నారని బయటపెట్టాడు. 1906లో విచారణ జరిగి సిటీ ఆటగాళ్లు పదిహేడు మంది మీద ఒక్కసారే నిషేధం పడింది. దీన్ని మనం దాచిపెట్టొద్దు. సంఘం పెట్టేవాడు మచ్చ లేనోడే అయ్యుండాలని కూర్చుంటే ఏ సంఘమూ పుట్టదు.

తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. 1907 ఏప్రిల్లో ఆ క్లబ్బు కుర్రోడు థామస్ బ్లాక్‌స్టాక్ ఒక ఆటలో తలతో బంతి కొట్టి కుప్పకూలి చనిపోయాడు. సహజ మరణం అన్నారు. ఇంటోళ్లకు పరిహారం రాలా. అదే ఏడాది డిసెంబర్ 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో మెరెడిత్ అధ్యక్షతన ఆటగాళ్లు కూర్చున్నారు. సంఘం పుట్టింది. 1898లో ఒకసారి పెట్టిన సంఘం మూడేళ్లకే పడిపోయింది. ఇది నిలబడింది.

1909లో ఫుట్‌బాల్ పెద్దలు కన్నెర్ర చేశారు. సంఘం వదలండి, లేకపోతే ఆట వదలండి అని తాఖీదు. చాలామంది భయపడి రాజీనామా ఇచ్చారు. వాళ్లను తిట్టబాకండి, ఇంట్లో పొయ్యి వెలగాలి గదా. యునైటెడ్ జట్టు మాత్రం కదలలా. అప్పటికి కొద్ది నెలల ముందే ఎఫ్.ఎ. కప్ గెలిచిన జట్టది. జీతాలు ఆగినయ్. మెరెడిత్, కెప్టెన్ చార్లీ రాబర్ట్స్, మిగతావాళ్లు వేరేచోట సాధన చేసుకుంటా, వెలివేసినోళ్ల జట్టు అని బోర్డు రాసి పెట్టుకుని ఫోటో దిగారు. ఎవర్టన్ ఆటగాడు టిమ్ కోల్‌మన్ లాంటోళ్లు తోడొచ్చారు. సీజన్ మొదలయ్యే ముందు రోజు, ఆగస్టు 31న, పెద్దలు దిగొచ్చి సంఘాన్ని గుర్తించారు.

పూర్తి గెలుపు కాదది. మిగతా కార్మిక సంఘాల సమాఖ్యతో తెగతెంపులు చేసుకోవాల్సొచ్చింది. ఆటగాళ్లు సగంలో వంగారని మెరెడిత్ మనసులో ఉండిపోయింది. 1912లో బదిలీ రూలు మీద కోర్టుకెళ్లి సంఘం ఓడింది, ఖర్చులకు నడుం విరిగింది. జీతం పరిమితి పోయేసరికి 1961 అయింది, అదీ సమ్మె చేస్తామని గట్టిగా నిలబడితేనే. అప్పటికి మెరెడిత్ లేడు. యాభై ఏళ్లకు నాలుగైదు నెలల తక్కువ వయసులో, 1924లో ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్లో చివరాట ఆడి, 1958 ఏప్రిల్లో మాంచెస్టర్లో కన్నుమూశాడు. ఆ సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా చాలా కాలం లేదు. 2001లో పెట్టారు. ఆ ఖర్చు పంచుకున్నోళ్లలో ఆయన రెండు క్లబ్బులతో పాటు, ఆయన పెట్టిన సంఘమూ ఉంది.

ఎక్కడి వేల్సు, ఎక్కడి పల్నాడు అంటారేమో. మన హైదరాబాద్ చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలొచ్చినయ్. మన దేశంలో ఆటగాళ్ల సంఘం మాత్రం బైచుంగ్ భూటియా వాళ్లు పూనుకుంటే 2006లో గానీ రాలా. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీలో రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఫిఫా నిషేధం కూడా పడింది. కప్పు గెలిచినోళ్ల గతే ఇదైతే, ఊరి పోటీల్లో ఆడేవోడి మాటేంది?

అందుకని ఈసారి పోటీకి పోయే ముందు జట్టంతా కలిసి కమిటీని మూడు అడగండి. దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? బీమా కట్టారా? బహుమతి డబ్బులో ఆటగాడి వాటా ఎంత? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఒక్కడే అడిగితే జట్టులోంచి తీసేస్తారు. పన్నెండు మందీ అడిగితే ఆట ఆగుద్ది. 1909లో మాంచెస్టర్లో జరిగింది కూడా ఇంతే.