కాఫీతో మరక మాన్పిన అమీలియా

నైలునది ఒడ్డున అబూసింబెల్ గుడి ముందు కొండనే తొలిచి చెక్కిన రామ్సెస్ రాజు విగ్రహాలున్నాయి. వాటిలో ఒకదాని ముఖానికి ఎవరో అచ్చు తీసుకుని, ప్లాస్టర్ ముద్దలు అలాగే వదిలేసి పోయారు. 1874లో అక్కడికెళ్లిన అమీలియా ఎడ్వర్డ్స్ ఆ తెల్లమచ్చలు చూసి ఊరుకోలేకపోయింది. పడవవాళ్లని పైకెక్కించి గీకించింది. అప్పటికీ పోని తెలుపుమీద వంటవాడు కాచిన చిక్కటి కాఫీ పూయించింది! మరక రాతిరంగులో కలిసిపోయింది. ఇలాంటి ఉపాయం ఇల్లు దిద్దుకునే చేతులకే తడుతుంది కదూ!

1831లో లండన్‌లో పుట్టిన అమీలియాకి తల్లే చదువు చెప్పింది. నవలలు రాసి సంపాదించుకునేది. ఐరోపా వానలకి విసిగి ఈజిప్టు వెళితే, అక్కడ గోడలమీద పేర్లు చెక్కేవాళ్లూ, బొమ్మలు పెళ్లగించి అమ్ముకునేవాళ్లూ! ఆవిడా మడి కట్టుకోలేదు లెండి. పాతవస్తువులు కొంది, తాము కనిపెట్టిన చిన్న గుడిగోడమీద వాళ్ల బృందమూ పేర్లు రాసింది. ఆ తప్పే తర్వాత నిద్రపోనివ్వలేదేమో అనిపిస్తుంది నాకు.

1877లో యాత్రాగ్రంథం వేసింది. 1882లో తవ్వకాలు పద్ధతిగా జరగాలని, కట్టడాలు దక్కాలని మరికొందరితో కలిసి సంఘం పెట్టింది. ఇక నవలల జోలికే పోలేదు. చందాలకోసం ఉత్తరాలే ఉత్తరాలు. 1889-90లో అమెరికాలో వందకుపైగా ప్రసంగాలు చేసింది. చెయ్యి విరిగినా ఆపలేదు.

1892లో పోతూ తన పుస్తకాలు, సేకరణ, 2,500 పౌండ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీకి రాసిచ్చింది. ఆడవాళ్లకి డిగ్రీలిచ్చే చోటని దాన్నే ఎంచుకుంది.

1960లలో అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, మన నాగార్జునకొండ కట్టడాల్లాగే, ఆ కాఫీ పూసిన ముఖాన్నీ నీళ్లకందకుండా ముక్కలుగా కోసి, పైకి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు.