చిన్న కెమెరా – పెద్ద చూపు

వార్షికోత్సవం నాడు గ్రూపు ఫొటో తీసేటప్పుడు ఫొటోగ్రాఫరు వెనక్కి వెనక్కి జరుగుతాడు. గోడ తగిలాక కూడా రెండు కొసల్లో నిలబడ్డవాళ్లు ఫొటోలో పట్టరు. అప్పుడు కావలసింది వైడ్ యాంగిల్ లెన్సు. భౌతికశాస్త్రంలో మనం చదివే నాభ్యంతరం ఎంత తగ్గితే కెమెరా అంత వెడల్పుగా చూస్తుంది. అలాంటి లెన్సులు బిగించుకునే చిన్న కెమెరాను మనకిచ్చిన ఆస్కార్ బార్నాక్ జీవితాన్ని మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

బార్నాక్ 1879 నవంబరు 1న జర్మనీలోని లీనో అనే పల్లెలో పుట్టారు. పెద్ద చదువులు చదవలేదు. బెర్లిన్ దగ్గర ఖగోళ పరికరాలు చేసే మెకానిక్ వద్ద అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకున్నారు. 1902లో యేనాలోని జైస్ కంపెనీలో, 1911లో వెట్స్‌లార్‌లో మైక్రోస్కోపులు తయారుచేసే లైట్జ్ కంపెనీలో చేరారు.

ఆయనకు ఫొటోలంటే ప్రాణం. కానీ ఉబ్బసం మనిషి. గాజు పలకల పెద్ద కెమెరాను, స్టాండును మోస్తూ కొండలెక్కడం ఆయన వల్ల కాలేదు. అయినా ఇష్టాన్ని వదులుకోలేదు. బరువునే తగ్గించాలనుకున్నారు. సినిమా ఫిల్ములోని 18×24 మి.మీ. బొమ్మను రెట్టింపు చేసి 24×36 మి.మీ. నెగెటివ్ తీసే చిన్న కెమెరాను 1914 నాటికి తయారుచేశారు. ఇంతలో ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది.

యుద్ధం తర్వాత జర్మనీ ఆర్థికంగా చితికిపోయింది. కొత్త సరుకు అమ్ముడవుతుందా అని కంపెనీలో చాలామంది సందేహించారు. యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ 1924లో ధైర్యం చేశారు. మాక్స్ బెరెక్ రూపొందించిన లెన్సుతో 1925లో లైకా కెమెరా బజారుకొచ్చింది.

మొదట్లో లెన్సు విప్పే వీలు లేదు. 1930లో మార్చుకునే లెన్సులు, వాటితో 35 మి.మీ. ఎల్మార్ వైడ్ యాంగిల్ వచ్చాయి. అయితే ప్రతి లెన్సునూ ఆ ఒక్క కెమెరాకే సరిచూసి బిగించేవారు. 1931 నుంచే ఏ లెన్సయినా ఏ కెమెరాకైనా సరిపోయింది. అందుకే ఆ తొలి లెన్సు, దాని కెమెరా జత విడిపోకుండా దొరకడం నేడు అరుదు. 1932లో దూరం కొలిచే రేంజ్‌ఫైండరును లెన్సుతో కలిపారు. 1935లో ఇంకా వెడల్పైన 28 మి.మీ. హెక్టార్ వచ్చింది. మరుసటి సంవత్సరం జనవరి 16న, 56 ఏళ్ల వయసులో బార్నాక్ కన్నుమూశారు.

ఆయన సొంతానికి వాడుకున్న ఒక కెమెరా 2022 వేలంలో కోటి 44 లక్షల యూరోలు పలికింది. మాకు ఆ ధరకన్నా ఆయన పట్టుదలే విలువైనదిగా తోస్తుంది. ఆయనకు డిగ్రీ లేదు, ఒంట్లో బలం లేదు. తన ఇబ్బందికి తానే మందు కనిపెట్టుకుంటే అది లోకానికంతా పనికొచ్చింది. ఈసారి గ్రూపు ఫొటోలో కొసన నిలబడ్డ తమ్ముడు కూడా నిండుగా కనిపిస్తే, ఈ పెద్దాయనను ఒక్కసారి తలచుకుందాం.